నెట్‌వర్క్ ల్యాబ్‌లో వర్చువల్ డిస్కు ఇమేజ్‌లు: ఒకే బేస్ మీద ల్యాబ్ మొత్తం నడిపే పద్ధతి

హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర వైపు హాస్టళ్లలో ఉండి నెట్‌వర్కింగ్ నేర్చుకునే పిల్లల చేతిలో మామూలుగా ఉండేది 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. దీని మీద ఓఎస్‌పీఎఫ్, బీజీపీ లాంటి రూటింగ్ ప్రోటోకాల్‌ల ల్యాబ్‌లు నడవవు, సర్వర్ కొనాల్సిందే అని ఎవరో ఒకరు వాళ్లను భయపెడతారు. ఆ మాట నమ్మకండి. నాలుగైదు రూటర్ల ల్యాబ్ ఈ మెషీన్ మీద హాయిగా నడుస్తుంది. కాకపోతే డిస్కు ఇమేజ్‌లను పద్ధతిగా వాడాలి. ఒక్కో రూటర్‌కు ఒక్కో కాపీ చేసుకుంటూ పోతే డిస్కు నిండిపోతుంది, ఏ ఫైలు ఏ ల్యాబ్‌దో తెలియదు, ఒకటి పాడైతే దేనికి దెబ్బ తగులుతుందో ముందే చెప్పలేం. ఒక మంచి బేస్ ఇమేజ్ తయారు చేసుకుని, దాన్ని మళ్లీ ముట్టకుండా, మిగతా పనంతా దాని మీద పరిచిన పొరల్లో చేసుకోవడమే ఈ వ్యాసంలో నేర్పే పద్ధతి.

ఉబుంటు మీద జీఎన్‌ఎస్3 (కంప్యూటర్‌లోనే వర్చువల్ రూటర్లతో ల్యాబ్ కట్టే సాఫ్ట్‌వేర్) వాడుతున్నారనుకుని చెప్తున్నాను. అలాంటిదే అయిన ఈవీఈ-ఎన్‌జీ వాడేవాళ్లకు చివర్లో కొంత ఉంది. కమాండ్లన్నీ పలికినట్టుగా తెలుగు అక్షరాల్లో రాశాను, టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. లైనక్స్‌కు చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. అందుకే పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ఇమేజ్ ఫైలు అంటే ఏమిటి

వర్చువల్ మెషీన్ తన హార్డ్‌డిస్కు అనుకునేది నిజానికి మన కంప్యూటర్‌లో ఒక ఫైలు. ఆ ఫైలు చాలా రూపాల్లో దొరుకుతుంది. రా అంటే ఉన్నదున్నట్టు డిస్కు నకలు. వీఎండీకే వీఎంవేర్‌ది, వీడీఐ వర్చువల్‌బాక్స్‌ది, వీహెచ్‌డీఎక్స్ మైక్రోసాఫ్ట్ హైపర్-వీది. జీఎన్‌ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ రెండింటి కింద పనిచేసేది క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్. 2003లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు అది. దాని సొంత రూపం క్యూకౌ2. మన ల్యాబ్‌కు కావాల్సింది ఇదే.

క్యూకౌ2కు రెండు సైజులుంటాయి, వీటి దగ్గరే చాలామంది తికమకపడతారు. ఏదైనా ఇమేజ్ మీద ఈ కమాండ్ కొట్టి చూడండి:

క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో ఫైలుపేరు.క్యూకౌ2

వర్చువల్ సైజ్ అని ఒకటి, డిస్క్ సైజ్ అని ఒకటి కనిపిస్తాయి. మొదటిది లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించే డిస్కు పరిమాణం. రెండోది మన ఎస్‌ఎస్‌డీ మీద ఆ ఫైలు నిజంగా ఆక్రమించిన చోటు. వర్చువల్ సైజ్ 20 జీబీ ఉన్నా లోపల రాసింది 1 జీబీయే అయితే ఫైలు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. రాసేకొద్దీ 64 కేబీ ముక్కలుగా పెరుగుతూ పోతుంది. కాబట్టి 20 జీబీ అన్న అంకె చూసి కంగారు పడక్కర్లేదు. అలాగని మర్చిపోనూ కూడదు. పది రూటర్లు తలా 20 జీబీ రాయడానికి సిద్ధంగా ఉన్నాయంటే, ఎస్‌ఎస్‌డీ నిండిన రోజు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

ఇక పొర సంగతి. క్యూకౌ2 ఫైలు తన కింద ఇంకో ఫైలును ఆధారంగా పెట్టుకోగలదు. కింద ఉన్నది బేస్, పైన ఉన్నది ఓవర్‌లే. ఊరి నక్షా మీద ట్రేసింగ్ పేపర్ పరిచి పెన్సిల్‌తో గీసినట్టే ఇది. గీయని చోట కింద ఉన్న నక్షా కనిపిస్తుంది, గీసిన చోట మన గీత కనిపిస్తుంది, అసలు నక్షాకు మాత్రం మరక కూడా అంటదు. రూటర్ ఏదైనా చదవాలంటే ముందు ఓవర్‌లేలో చూస్తుంది, అక్కడ లేకపోతే బేస్‌లోంచి తెచ్చుకుంటుంది. రాయడం మాత్రం ఎప్పుడూ ఓవర్‌లేలోకే. ఖాళీ ఓవర్‌లే దాదాపు 200 కేబీ ఉంటుంది, అంతే. ఇంకో లాభం కూడా ఉంది. అన్ని రూటర్లూ ఒకే బేస్ ఫైలును చదువుతాయి కాబట్టి, ఒక రూటర్ బూట్ అయ్యాక ఆ డేటా లైనక్స్ క్యాషేలో నిలుస్తుంది, తర్వాతి రూటర్లు చాలావరకు అక్కడి నుంచే చదువుకుంటాయి. పాత హార్డ్‌డిస్కు ఉన్న మెషీన్ల మీద ఈ తేడా బాగా కనిపిస్తుంది.

మెషీన్‌ను సిద్ధం చేయడం

బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేయండి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం లేదా ఏఎండీ-వీ అని ఉంటుంది. ఉబుంటులో సీపీయూ-చెకర్ ప్యాకేజీ వేసి కేవీఎం-ఓకే అని కొడితే పరిస్థితి చెప్పేస్తుంది. ప్రాసెసర్‌లోని ఈ వర్చువలైజేషన్‌ను వాడుకునే లైనక్స్ భాగమే కేవీఎం, 2007 నుంచి కెర్నెల్లోనే ఉంది. అది లేకుండా కూడా క్యూఈఎంయూ నడుస్తుంది, కానీ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లో అనువదించుకుంటూ నడవడంతో రూటర్ బూట్ కావడానికే నిమిషాలు పడుతుంది. మీ యూజర్‌ను కేవీఎం గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఈ చివరి ముక్క మర్చిపోయి పర్మిషన్ ఎర్రర్ వస్తోందని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

విండోస్ వదలలేని వాళ్లు వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో మీద జీఎన్‌ఎస్3 వీఎం వేసుకోవచ్చు. వర్క్‌స్టేషన్ ప్రో 2024 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. కానీ విండోస్‌లో హైపర్-వీ, మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే లోపలి వర్చువలైజేషన్ సరిగా అందదు. 8 జీబీ మెషీన్ మీద విండోస్, దాని మీద వీఎం, దాని లోపల రూటర్లు అంటే ర్యామ్‌కు కూడా కష్టం. వీలైతే ఉబుంటును డ్యూయల్ బూట్‌గా పెట్టుకోమనే నా సలహా.

ఇమేజ్‌లు ఎక్కడ తెచ్చుకోవాలి

తయారీదారు సొంత సైటులోనే. టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఆల్ ఇమేజెస్ ఫుల్ ప్యాక్" అని తిరిగే ఫైళ్ల జోలికి పోకండి. సిస్కో ఐఓఎస్‌వీ లాంటివి లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ద్వారా సరైన దారిలో దొరుకుతాయి. అది న్యాయం సంగతి. దీనికి మించి భద్రత సంగతి ఒకటుంది. ఎవరో బూట్ చేసి, లోపల ఏం పెట్టారో తెలియని డిస్కును మీ ల్యాప్‌టాప్‌లో నడిపి, ఇంటర్నెట్ కూడా ఇస్తున్నారు.

నేర్చుకోవడానికి ఉచితంగా దొరికేవే బోలెడు. మైక్రోటిక్ క్లౌడ్ హోస్టెడ్ రూటర్ రా, వీఎండీకే, వీడీఐ, వీహెచ్‌డీఎక్స్ రూపాల్లో దొరుకుతుంది, చాలా చిన్నది, 256 ఎంబీ ర్యామ్‌తో నడుస్తుంది. ఉచిత లైసెన్సులో ఒక్కో పోర్టు నుంచి పంపే వేగం 1 ఎంబీపీఎస్‌కు పరిమితం, కానీ రూటింగ్ నేర్చుకోవడానికి ఆ వేగం సరిపోతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్స్86 ఇమేజ్, వీవైఓఎస్, ఆల్పైన్ లైనక్స్ కూడా బాగుంటాయి. ఈ వ్యాసంలో డెబియన్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ వాడతాను. ఎఫ్‌ఆర్‌ఆర్ 2017లో క్వాగా నుంచి చీలి వచ్చిన రూటింగ్ సాఫ్ట్‌వేర్. దాని కమాండ్లు సిస్కో వాటికి దగ్గరగా ఉంటాయి, రేపు ఉద్యోగంలో కూర్చున్నాక చెయ్యి తడబడదు.

డెబియన్ క్లౌడ్ ఇమేజ్‌ల పేజీలో జెనరిక్, జెనరిక్‌క్లౌడ్, నోక్లౌడ్ అని రకాలుంటాయి. మనకు కావాల్సింది నోక్లౌడ్, ఏఎండీ64, క్యూకౌ2 ఫైలు. అందులో రూట్ యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు, సీరియల్ కన్సోల్ ముందే ఆన్‌లో ఉంటుంది. డౌన్‌లోడ్ అయ్యాక చెక్‌సమ్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్య) సరిచూడండి. హాస్టల్ వైఫైలో మధ్యలో తెగి మళ్లీ అతికిన డౌన్‌లోడ్‌లు పైకి బాగానే కనిపించి లోపల విరిగి ఉంటాయి. డెబియన్ వాళ్లు షా512 సంఖ్యలు పక్కనే ఇస్తారు. షా512సమ్ ఫైలుపేరు అని కొట్టి, వచ్చింది ఆ జాబితాలో ఉన్నదేనా చూడండి.

వేరే రూపంలో దొరికితే

వీఎండీకే దొరికిందనుకోండి:

క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్ -పీ -ఓ క్యూకౌ2 పాతది.వీఎండీకే కొత్తది.క్యూకౌ2

ఇందులో పీ చిన్నది, ఓ పెద్దది. పీ వల్ల ఎంత శాతం అయిందో కనిపిస్తుంది. ఓవీఏ దొరికితే అది టార్ ఫైలే. టార్ -ఎక్స్‌వీఎఫ్‌తో విప్పితే లోపల ఓవీఎఫ్, వీఎండీకే వస్తాయి. డాట్ జీజెడ్ ఉంటే ముందు గన్‌జిప్ చేయాలి. ఫైలు పేరు చివర మార్చినంత మాత్రాన రూపం మారదు, ఇన్ఫో కమాండ్ ఏం చెప్తే అదే లెక్క.

బేస్ తయారీ

ఇక్కడ తొందరపడకండి. బేస్ ఎంత శుభ్రంగా ఉంటే తర్వాత అన్ని ల్యాబ్‌లూ అంత సాఫీగా సాగుతాయి.

దించుకున్న ఫైలును అలాగే ఉంచి, దాని కాపీ ఒకటి డెబ్-ఎఫ్‌ఆర్‌ఆర్-పని.క్యూకౌ2 అని చేసుకోండి. దాన్ని జీఎన్‌ఎస్3 బయటే, నేరుగా బూట్ చేయండి:

క్యూఈఎంయూ-సిస్టమ్-ఎక్స్86_64 -ఎనేబుల్-కేవీఎం -ఎం 1024 -నోగ్రాఫిక్ -డ్రైవ్ ఫైల్=డెబ్-ఎఫ్‌ఆర్‌ఆర్-పని.క్యూకౌ2,ఇఫ్=వర్ట్‌ఐఓ -నిక్ యూజర్,మోడల్=వర్ట్‌ఐఓ-నెట్-పీసీఐ

అన్నీ చిన్నక్షరాలే. వర్ట్‌ఐఓ అంటే వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన డిస్కు, నెట్‌వర్క్ పరికరాల రకం. కాసేపట్లో లాగిన్ వస్తుంది, రూట్ అని కొడితే చాలు. ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ దానికదే తీసుకుంటుంది. ఆప్ట్ అప్‌డేట్ చేసి ఎఫ్‌ఆర్‌ఆర్, టీసీపీడంప్, ఐపెర్ఫ్3, ఎంటీఆర్-టైనీ, ట్రేస్‌రూట్ ప్యాకేజీలు వేయండి. ల్యాబ్‌లోకి వెళ్లాక రూటర్లకు ఇంటర్నెట్ ఉండకపోవచ్చు, కావాల్సినవన్నీ ఇప్పుడే వేసుకోవాలి.

తర్వాత మూడు సెట్టింగులు. /ఈటీసీ/ఎఫ్‌ఆర్‌ఆర్/డీమన్స్ ఫైల్లో ఓఎస్‌పీఎఫ్‌డీ, బీజీపీడీ పక్కన నో తీసి యెస్ పెట్టండి. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి, అందులో నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్=1 అని రాయండి. ఇది లేకపోతే ఓఎస్‌పీఎఫ్ పొరుగువాళ్లు కలుస్తారు, రూట్లన్నీ పట్టికలో కనిపిస్తాయి, అయినా పింగ్ మధ్య రూటర్ దాటదు. గంటలు తినే సమస్య ఇది. మూడోది, /ఈటీసీ/నెట్‌ప్లాన్‌లోని ఫైల్లో డీహెచ్‌సీపీని మొదటి పోర్టుకే, అంటే ఈ అమరికలో ఈఎన్‌ఎస్3కే పరిమితం చేయండి. అన్ని పోర్టులకూ ఉంటే లింకుల మీద కూడా ఐపీ కోసం అడుగుతూ బూట్ ఆలస్యమవుతుంది. మొదటి పోర్టు మేనేజ్‌మెంట్‌కు, మిగతావి ఎఫ్‌ఆర్‌ఆర్‌కు అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

నాలుగు రూటర్లకూ ఒకే ఐపీ

బేస్‌ను మూసే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని వదిలేస్తే వచ్చే ఫోన్ కాల్ నాకు బాగా అలవాటు: "అన్నా, నాలుగు రూటర్లు పెట్టిన, నాలిగింటికీ అదే ఐపీ వస్తుంది. మ్యాక్ అడ్రసులు చూస్తే వేరే వేరే ఉన్నయి. ఏం చేయాలె?"

మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు అడ్రసు) వేరుగా ఉన్నా ఐపీ ఒకటే రావడానికి కారణం /ఈటీసీ/మెషీన్-ఐడీ అనే చిన్న ఫైలు. లైనక్స్ మొదటిసారి బూట్ అయినప్పుడు ఒక గుర్తింపు సంఖ్య తయారు చేసుకుని అందులో రాసుకుంటుంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడిగేటప్పుడు తన పేరుగా చెప్పుకునేది ఈ సంఖ్య నుంచి పుట్టిన గుర్తునే, మ్యాక్‌ను కాదు. డెబియన్ వాళ్లు ఇచ్చిన ఇమేజ్‌లో ఈ సంఖ్య ఇంకా పుట్టి ఉండదు. మనం ప్యాకేజీలు వేయడానికి బూట్ చేశాం కాబట్టి పుట్టేసింది. ఇప్పుడు ఇలాగే బేస్‌గా పెడితే దాని మీద పరిచిన ప్రతి ఓవర్‌లేకూ అదే సంఖ్య. డీహెచ్‌సీపీ సర్వర్ దృష్టిలో నలుగురూ ఒక్కరే, అందరికీ ఒకే ఐపీ ఇస్తుంది. సర్వర్ తప్పేమీ లేదు.

మందు సులువే. రూటర్ లోపలే:

ట్రంకేట్ -ఎస్ 0 /ఈటీసీ/మెషీన్-ఐడీ

ఫైలును తీసేయకండి, ఖాళీ చేయండి, అంతే. ఖాళీగా ఉంటే తర్వాతి బూట్‌లో ప్రతి ఓవర్‌లే తనకంటూ కొత్త సంఖ్య పుట్టించుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కూడా వేసుంటే /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్ కింద ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_ అని మొదలయ్యే కీ ఫైళ్లు తీసేసి, ఒక్కో రూటర్‌లో మొదటిసారి ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఏ (పెద్ద ఏ) కొట్టాలి. మైక్రోటిక్‌లోనూ ఇదే చిక్కు వేరే రూపంలో ఉంది. నకలు చేసిన క్లౌడ్ హోస్టెడ్ రూటర్లకు సిస్టమ్ ఐడీ ఒకటే వస్తే, లైసెన్స్ మెనూలో జెనరేట్-న్యూ-ఐడీ అనే కమాండ్ అందుకే పెట్టారు.

మెషీన్-ఐడీ ఖాళీ చేశాక ఆప్ట్ క్లీన్ కొట్టి, వెంటనే పవర్‌ఆఫ్ చేయండి. మళ్లీ బూట్ చేసి "ఒకసారి చూద్దాం" అనుకుంటే ఐడీ మళ్లీ పుడుతుంది, మళ్లీ ఖాళీ చేయాలి. చూడాలనిపిస్తే ఓవర్‌లే పరిచి దాంట్లో చూడండి.

ఇప్పుడు దాన్ని కుదించి అసలు బేస్‌గా మార్చండి:

క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్ -సీ -పీ -ఓ క్యూకౌ2 డెబ్-ఎఫ్‌ఆర్‌ఆర్-పని.క్యూకౌ2 డెబ్12-ఎఫ్‌ఆర్‌ఆర్-వీ1.క్యూకౌ2

సీ చిన్నది, ఓ పెద్దది. సీ వల్ల లోపలి డేటా కంప్రెస్ అవుతుంది. చదివేటప్పుడు ప్రాసెసర్‌కు కాస్త పని పెరుగుతుంది, రాసేది ఎలాగూ ఓవర్‌లేలోకే కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాత సీహెచ్‌మాడ్ 444 పెట్టి ఫైలును చదవడానికి మాత్రమే ఉంచండి. పేరులో వెర్షన్ ఉండాల్సిందే. ఫైనల్, న్యూఫైనల్, లేటెస్ట్ లాంటి పేర్లు రెండు నెలల తర్వాత మీకే అర్థం కావు.

ఓవర్‌లేను ఒకసారి చేత్తో చేసి చూడండి

జీఎన్‌ఎస్3 ఈ పని తనే చేస్తుంది. అయినా ఒక్కసారి మీ చేత్తో చేస్తే తర్వాత ఏ ఎర్రర్ వచ్చినా ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

క్యూఈఎంయూ-ఐఎంజీ క్రియేట్ -ఎఫ్ క్యూకౌ2 -బీ డెబ్12-ఎఫ్‌ఆర్‌ఆర్-వీ1.క్యూకౌ2 -ఎఫ్ క్యూకౌ2 ట్రయల్.క్యూకౌ2

మొదటి ఎఫ్ చిన్నది, అది కొత్త ఫైలు రూపం. రెండో ఎఫ్ పెద్దది, అది బేస్ రూపం. 2021లో వచ్చిన క్యూఈఎంయూ 6.1 నుంచి ఈ పెద్ద ఎఫ్ లేకపోతే కమాండ్ పనిచేయదు. పాత వీడియోల్లో చూసి కొట్టిన కమాండ్ ఎర్రర్ ఇవ్వడానికి ఇదే కారణం. ఈ నియమం ఊరికే పెట్టలేదు. బేస్ రూపం ఏమిటో చెప్పకపోతే క్యూఈఎంయూ ఫైలు మొదటి బైట్లు చూసి ఊహించాలి. రా ఇమేజ్ లోపల నడిచే ప్రోగ్రాం కావాలని క్యూకౌ2 హెడర్ రాసి పెడితే ఆ ఊహ తప్పుతుంది. అప్పుడు మన కంప్యూటర్‌లోని వేరే ఫైలు చదివించే వీలు దానికి దొరుకుతుంది.

ఇప్పుడు ఇన్ఫో -బ్యాకింగ్-చైన్ (ముందు రెండు గీతలు) పెట్టి చూస్తే ట్రయల్, దాని కింద బేస్, రెండూ వరుసగా కనిపిస్తాయి. ట్రయల్‌ను బూట్ చేసి ఏదో ఒక ఫైలు రాసి, ఆపి, ట్రయల్‌ను తీసేయండి. బేస్ చెక్‌సమ్ ముందు ఎంతుందో తర్వాతా అంతే ఉంటుంది.

జీఎన్‌ఎస్3లో పెట్టడం

ఎడిట్, ప్రిఫరెన్సెస్, క్యూఈఎంయూ వీఎంస్, న్యూ. పేరు ఇచ్చి, ర్యామ్ 512 ఎంబీ, కన్సోల్ టెల్‌నెట్ ఎంచుకుని, మన వీ1 ఫైలు చూపించండి. డిఫాల్ట్ ఇమేజ్‌ల ఫోల్డర్‌లోకి కాపీ చేయమంటారా అని అడిగితే సరేననండి. హోమ్ కింద జీఎన్‌ఎస్3/ఇమేజెస్/క్యూఈఎంయూలోకి వెళ్తుంది. కాపీ అయిన ఫైలుకు కూడా సీహెచ్‌మాడ్ 444 ఉందో లేదో చూసుకోండి.

టెంప్లేట్ తయారయ్యాక ఎడిట్‌లోకి వెళ్లి మూడు చోట్ల చూడాలి. హెచ్‌డీడీ ట్యాబ్‌లో డిస్క్ ఇంటర్‌ఫేస్ వర్ట్‌ఐఓ. నెట్‌వర్క్ ట్యాబ్‌లో అడాప్టర్లు 4, రకం వర్ట్‌ఐఓ. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో లింక్డ్ బేస్ వీఎంగా వాడు అన్న పెట్టెలో టిక్ ఉండాలి. మామూలుగా ఉంటుంది. అది తీసేస్తే రూటర్ నేరుగా బేస్ మీదే రాయడానికి వెళ్తుంది. 444 పెట్టి ఉంచితే అప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, బేస్ బతుకుతుంది.

వేరే ఇమేజ్‌లు వాడేటప్పుడు డిస్క్ ఇంటర్‌ఫేస్ దగ్గర జాగ్రత్త. లోపలి సిస్టమ్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్ లేకపోతే అది తన డిస్కునే కనుక్కోలేదు. విండోస్ అయితే నీలి తెర, లైనక్స్ అయితే రూట్ పార్టిషన్ దొరకలేదంటూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ వస్తుంది. ఇమేజ్ పాడైందనుకుని మళ్లీ గంటసేపు డౌన్‌లోడ్ చేసే ముందు, ఐడీఈకి మార్చి ఒకసారి చూడండి.

నాలుగు స్టేషన్ల ల్యాబ్

టెంప్లేట్‌ను నాలుగుసార్లు లాగి పెట్టి, కాజీపేట, వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి అని పేర్లు పెట్టండి. కాజీపేట నుంచి వరంగల్‌కు ఒక లింకు, కాజీపేట నుంచి పెద్దపల్లికి ఒకటి, పెద్దపల్లి నుంచి కరీంనగర్‌కు ఒకటి. ఈ మూడూ నిజంగా రైలు దారులే. వరంగల్ నుంచి కరీంనగర్‌కు 563వ జాతీయ రహదారి ఉంది, దాన్ని నాలుగో లింకుగా గీస్తే చుట్టు పూర్తవుతుంది. రూటర్ 1, రూటర్ 2 అని పెట్టుకోవడం కన్నా రోజూ తిరిగే ఊళ్ల పేర్లయితే ప్యాకెట్ ఎటు పోతోందో బుర్రలో బొమ్మ కడుతుంది. ర్యామ్ మొత్తం 2 జీబీ, డిస్కు మీద నాలుగు చిన్న ఓవర్‌లేలు.

ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండ్లు కొట్టే వీటీవైఎస్‌హెచ్‌లోకి వెళ్లి లింకులకు /30 అడ్రసులు, ఒక్కో రూటర్‌కు ఒక లూప్‌బ్యాక్ అడ్రసు (ఏ పోర్టుకూ కట్టుబడని, రూటర్ సొంత అడ్రసు) ఇచ్చి, అన్నిటినీ ఓఎస్‌పీఎఫ్ ఏరియా 0లో చేర్చండి. కాజీపేటలో షో ఐపీ రూట్ కొడితే కరీంనగర్ లూప్‌బ్యాక్‌కు రెండు దారులు సమానంగా కనిపించాలి, వరంగల్ మీదుగా ఒకటి, పెద్దపల్లి మీదుగా ఒకటి. ఇప్పుడు కాజీపేట, పెద్దపల్లి మధ్య లింకును జీఎన్‌ఎస్3లో సస్పెండ్ చేసి, పెద్దపల్లి లూప్‌బ్యాక్‌కు పింగ్ నడుపుతూ చూడండి. ప్యాకెట్లు ఆగినా రూటర్‌కు పోర్టు పడిపోయినట్టు తెలియకపోతే వెంటనే దారి మారదు. అప్పుడు పొరుగు రూటర్ పంపే హలో సందేశాలు రాక, వాటి కోసం ఎంతసేపు చూడాలో చెప్పే డెడ్ టైమర్ 40 సెకన్లు పూర్తయ్యాకే వరంగల్, కరీంనగర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. ఆ నిరీక్షణను కళ్లతో చూసినవాళ్లకు టైమర్ల పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ల్యాబ్ ఆపే ముందు ప్రతి రూటర్‌లో రైట్ మెమరీ కొట్టండి. కాన్ఫిగ్ ఓవర్‌లేలో నిలుస్తుంది, స్టాప్ చేసి రేపు స్టార్ట్ చేసినా ఉంటుంది. నోడ్‌ను డిలీట్ చేస్తే మాత్రం దాని ఓవర్‌లే కూడా పోతుంది.

కరెంటు పోయినప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచిందంటే మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డెస్క్‌టాప్ మీద చేసేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. రూటర్ నడుస్తుండగా మెషీన్ ఆగిపోతే, తిరిగి వచ్చాక స్టార్ట్ చేయకుండా ముందు ప్రాజెక్టు ఫోల్డర్‌లోని ప్రాజెక్ట్-ఫైల్స్/క్యూఈఎంయూ కింద ఒక్కో నోడ్ ఫోల్డర్‌లో ఉన్న హెచ్‌డీఏ_డిస్క్.క్యూకౌ2 మీద ఇది కొట్టండి:

క్యూఈఎంయూ-ఐఎంజీ చెక్ హెచ్‌డీఏ_డిస్క్.క్యూకౌ2

లీక్డ్ క్లస్టర్లు అని చెప్తే భయం లేదు, కాస్త చోటు వృథా అయిందంతే, -ఆర్ లీక్స్ పెడితే సర్దుతుంది. ఎర్రర్స్ అని వస్తే ఆ ఓవర్‌లే మీద ఆశ పెట్టుకోకండి. ఆ నోడ్‌ను తీసేసి కొత్తది పెట్టి కాన్ఫిగ్ మళ్లీ ఎక్కించడమే త్వరగా అయ్యే పని. అందుకే షో రన్నింగ్-కాన్ఫిగ్ అవుట్‌పుట్‌ను ల్యాప్‌టాప్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచుకునే అలవాటు చేసుకోండి. బేస్ మీద ఎవరూ రాయలేదు కాబట్టి దానికి ఏమీ కాదు. డిస్క్ క్యాషే సెట్టింగును వేగం కోసం అన్‌సేఫ్ అని మార్చమని కొందరు చెప్తారు. మన కరెంటుతో అది వద్దు.

బేస్‌ను కొత్తది చేయాలంటే

ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్త వెర్షన్ వచ్చింది, బేస్‌ను బూట్ చేసి అప్‌గ్రేడ్ చేద్దామా? వద్దు. ఓవర్‌లేలో ఉన్నది బేస్‌తో పోలిస్తే వచ్చిన తేడాలే. కింద బేస్ మారితే పైన రాసుకున్న ముక్కలు వేరే డిస్కు మీద అతికించినట్టవుతాయి, ఫైల్‌సిస్టమ్ చెడిపోతుంది. అదీ అన్ని రూటర్లలో, అన్ని ల్యాబ్‌లలో ఒకేసారి. కమిట్ కమాండ్ కూడా ఓవర్‌లే మార్పులను బేస్‌లోకి దింపుతుంది కాబట్టి, ఆ బేస్ మీద ఇంకో ఓవర్‌లే ఉన్నంతకాలం దాన్ని వాడకూడదు.

చేయాల్సింది వీ1 నుంచి కాపీ తీసి, అప్‌గ్రేడ్ చేసి, మెషీన్-ఐడీ ఖాళీ చేసి, వీ2 అని కొత్త టెంప్లేట్‌గా పెట్టడం. కొత్త ల్యాబ్‌లు వీ2 మీద, పాతవి వీ1 మీద. రీబేస్ (ఓవర్‌లే కింది బేస్‌ను మార్చే కమాండ్) చేస్తే పాత ల్యాబ్ వీ2లోకి వస్తుందని కొందరు అనుకుంటారు, రాదు. మామూలు రీబేస్ పాత బేస్‌కూ కొత్త బేస్‌కూ ఉన్న తేడానంతా ఓవర్‌లేలోకి దించుతుంది, రూటర్‌కు కనిపించేది పాత డిస్కే. ఓవర్‌లే మాత్రం లావెక్కుతుంది.

వేరే మెషీన్‌కు తీసుకెళ్లడం

బేస్ ఎక్కడుందో ఆ దారి ఓవర్‌లే లోపలే రాసి ఉంటుంది. ఓవర్‌లేను ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే అవతల బ్యాకింగ్ ఫైల్ తెరవలేకపోయాం అని వస్తుంది. బేస్ కూడా తీసుకెళ్లి, ఫోల్డర్ మాత్రమే మారితే:

క్యూఈఎంయూ-ఐఎంజీ రీబేస్ -యూ -బీ కొత్తదారి/డెబ్12-ఎఫ్‌ఆర్‌ఆర్-వీ1.క్యూకౌ2 -ఎఫ్ క్యూకౌ2 హెచ్‌డీఏ_డిస్క్.క్యూకౌ2

ఎఫ్ ఇక్కడ పెద్దది. యూ అంటే డేటా జోలికి పోకుండా దారి పేరు మాత్రమే మార్చు అని. అవతల ఉన్నది అక్షరాలా అదే బేస్ అని చెక్‌సమ్‌తో తేల్చుకున్నాకే ఇది కొట్టాలి. పేరు ఒకటే, లోపల వేరైతే పైన చెప్పిన నాశనమే జరుగుతుంది.

మొత్తం ల్యాబ్ ఇవ్వాలంటే జీఎన్‌ఎస్3లో ఎక్స్‌పోర్ట్ పోర్టబుల్ ప్రాజెక్ట్ ఉంది. నోడ్లన్నీ ఆపి చేయాలి. బేస్ ఇమేజ్‌లు కలపాలా అని అడుగుతుంది. మీ బ్యాచ్ మొత్తానికి ముందే ఒకే బేస్ ఇచ్చి ఉంటే కలపక్కర్లేదు, ఫైలు చిన్నదవుతుంది, వాట్సాప్‌లో కూడా పంపుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఇమేజ్‌లు వాడిన ల్యాబ్ అయితే కలపనే కూడదు. పెద్ద ఫైళ్లకు పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32లో 4 జీబీకి చేరిన ఫైలు పట్టదు.

ఈవీఈ-ఎన్‌జీ వాడేవాళ్లకు

సూత్రం అదే, పేర్ల పట్టింపు ఎక్కువ. ఇమేజ్‌లు /ఆప్ట్/యూనెట్‌ల్యాబ్/యాడాన్స్/క్యూఈఎంయూ కింద ఉండాలి. ఒక్కో ఇమేజ్‌కు ఒక ఫోల్డర్, దాని పేరు టెంప్లేట్ పేరుతో మొదలై గీత ఉండాలి: లైనక్స్-డెబ్12ఎఫ్‌ఆర్‌ఆర్‌వీ1, మైక్రోటిక్-తర్వాత వెర్షన్, ఇలా. లోపలి ఫైలు పేరును బట్టే డిస్కు రకం నిర్ణయమవుతుంది. వర్ట్‌ఐఓఏ.క్యూకౌ2 అంటే వర్ట్‌ఐఓ, హెచ్‌డీఏ.క్యూకౌ2 అంటే ఐడీఈ. ఫైలు పెట్టిన ప్రతిసారీ:

/ఆప్ట్/యూనెట్‌ల్యాబ్/రాపర్స్/యూఎన్ఎల్_రాపర్ -ఏ ఫిక్స్‌పర్మిషన్స్

ఏ చిన్నది. ఓవర్‌లేలు /ఆప్ట్/యూనెట్‌ల్యాబ్/టెంప్ ఫోల్డర్‌లో (దాని అసలు పేరు టీఎంపీ) ల్యాబ్, నోడ్ సంఖ్యల కింద ఉంటాయి. నోడ్ మీద వైప్ నొక్కితే ఆ ఓవర్‌లే చెరిగి, తర్వాతి స్టార్ట్‌లో బేస్ నుంచి కొత్తగా మొదలవుతుంది. ఇమేజ్ ఫోల్డర్‌లో ఫైలు మార్చినా నోడ్‌లో పాతదే కనిపిస్తోందన్నా, వింతగా ప్రవర్తిస్తోందన్నా ముందు వైప్ చేసి చూడండి. అయితే స్టార్టప్ కాన్ఫిగ్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాకే వైప్ నొక్కాలి.